అమ్మ దొరికింది. ఆ హోంగార్డు చెల్లికి, మీ అందరికీ కృతజ్ఞతలు

అమ్మ క్షేమంగా ఇంటికి చేరింది. కాళ్ళు కాస్త వాచాయి, అంతే. అమ్మ కనపడటం లేదని నేను పెట్టిన పోస్టు చూసి నిన్నటి నుంచి ఫోన్లు చేసినవాళ్ళకి, ఫొటో షేర్ చేసినవాళ్ళకి విడివిడిగా జవాబు ఇవ్వలేకపోయాను. ఒళ్ళు తూలిపోతోంది, అయినా ఇది రాయకుండా పడుకోలేను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మా అమ్మ 1978లో హైదరాబాద్ సిటీ పోలీసులో కానిస్టేబుల్‌గా చేరి 2014లో ఎస్సైగా రిటైరయింది. అప్పట్లో చాలా స్టేషన్లలో ఆడపోలీసు అన్న మాటే లేదు. 1972లో కిరణ్ బేడీ తొలి మహిళా ఐపీఎస్ అయినప్పుడు పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి ట్రంకు పెట్టెలో దాచుకుంది. పోలీసుల్లో చేరతానంటే తాతయ్య కొన్నాళ్ళు మాట్లాడటం మానేశారట. ఇప్పుడు అమ్మకి డిమెన్షియా. చిన్ననాటి సంగతులన్నీ పూస గుచ్చినట్టు చెప్తుంది, పొద్దున ఏం తిన్నదో చెప్పలేదు. నిన్న తెల్లవారుజామున మేమెవరం లేవకముందే డ్యూటీకని బయల్దేరి వెళ్ళిపోయింది.

కోఠీ దగ్గర ఒక జంక్షన్‌లో ట్రాఫిక్ చూస్తున్న హోంగార్డు అమ్మాయి మొదట గమనించింది. రోడ్డు మధ్యకి వెళ్ళబోతున్న ముసలావిడని చెయ్యి పట్టుకుని పక్కకి తెచ్చి, ఎక్కడికమ్మా అని అడిగిందట. అమ్మ ఆమె యూనిఫాం చూసి, "లేటయింది, రోల్ కాల్ అయిపోయిందా?" అందట.

ఇంకెవరైనా అయితే మతిలేని మనిషి అనుకునేవారు. ఆ పిల్లకి అర్థమైంది. ఒక అడుగు వెనక్కి వేసి, కాళ్ళు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టింది. "అయిపోయింది మేడమ్. ఇవాళ మీ పాయింట్ ఇదే, ఇక్కడి నుంచి కదలొద్దని ఆర్డర్" అంది. పాయింట్ వదిలి వెళ్ళే మనిషి కాదు కదా మా అమ్మ! కుర్చీ తెప్పించి నీడలో కూర్చోబెడితే, అక్కడే కూర్చుని వచ్చేపోయే బళ్ళని చూస్తూ ఉండిపోయిందట.

ఆ సెల్యూట్ సంగతి విన్నాక నేను రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను. ఎందుకో మీకు చెప్పాలి. అమ్మ హెడ్ కానిస్టేబుల్ అయిన కొత్తలో, తనకింద పనిచేసే మగవాళ్ళు కొందరు సెల్యూట్ కొట్టాల్సివస్తుందని ఆమె కనపడగానే ఇంకో వరండాలోంచి వెళ్ళిపోయేవారు. అమ్మ ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు, బియ్యం ఏరుతూ మామూలుగా చెప్పేది. 1990 డిసెంబరు అల్లర్లప్పుడు పాతబస్తీలో కర్ఫ్యూ డ్యూటీలు చేసింది. వినాయక నిమజ్జనానికి ట్యాంక్‌బండ్ మీద రాత్రంతా నిలబడింది. ఆడ ముద్దాయిలని ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా వేళాపాళా లేకుండా కబురొచ్చేది. ఇంత చేసినా ఒక్క స్టేషన్ కూడా ఆమె చేతికి ఇవ్వలేదు. 1847 నుంచి చరిత్ర చెప్పుకునే సిటీ పోలీసులో, లా అండ్ ఆర్డర్ స్టేషన్‌కి మొదటిసారి ఒక మహిళని ఎస్‌హెచ్‌ఓగా, అంటే స్టేషన్ ఇన్‌ఛార్జిగా, వేసింది 2022లో, లాలాగూడలో. ఆ వార్త చదివి వినిపిస్తే అమ్మ "ఇన్నాళ్ళకా?" అని మాత్రం అంది.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. అమ్మ నీళ్ళు వద్దందట. బందోబస్తు ఉన్న రోజు అమ్మ పొద్దుట్నుంచీ నీళ్ళు ముట్టేది కాదు, ఎందుకంటే బాత్రూమ్ ఎక్కడా ఉండదు. "భయం లేదు మేడమ్, పక్క హోటల్లో ఉంది, నేను తోడొస్తా" అని బతిమాలి తాగించింది. నువ్వెలా కనిపెట్టావు చెల్లీ అంటే, "నేను కూడా తాగను అక్కా" అంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఇదే ఊళ్ళో! హోంగార్డుల రోజు భత్యం 921 నుంచి వెయ్యి చేశారు, 2025 జనవరి నుంచి. మంచిదే. రోడ్డు మీద నిలబడే ఆడవాళ్ళకి ఒక బాత్రూమ్ ఏర్పాటు చెయ్యడానికి ఇంకా ఎన్నేళ్ళు కావాలి?

షిఫ్ట్ అయిపోయినా ఆమె ఇంటికి వెళ్ళలేదు. మేం వచ్చేదాకా అమ్మ పక్కనే ఉంది. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు. ఆమె పర్మినెంట్ ఉద్యోగి కూడా కాదని మాత్రం పై అధికారులు ఎవరైనా ఇది చదివితే గుర్తుంచుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మేం మొదట వెళ్ళిన స్టేషన్‌లో "మా లిమిట్స్‌లోకి రాదు" అన్నారు. రెండోచోట "సాయంత్రం దాకా చూడండి, ఆవిడే వచ్చేస్తుంది" అన్నారు. నేరం జరిగిందని వస్తే పరిధి చూడకుండా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్‌లో రాసిపెట్టారు. దారి తప్పిన ముసలి ప్రాణానికి ఆ మాత్రం విలువ ఉండదా? ముప్ఫై ఆరేళ్ళు ఆ డిపార్ట్‌మెంట్‌కే పనిచేసిన మనిషి గురించి వెళ్తే ఈ జవాబు!

అన్నయ్య, వదిన, మా ఆయన రాత్రీ పగలూ తిరిగారు. మీకు వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, మర్చిపోయాను. అమ్మ తన పాత పీసీ నంబరు, అంటే కానిస్టేబుల్ నంబరు, గడగడా చెప్తే, దాన్నిబట్టి రిటైరైన వాళ్ళ వాట్సాప్ గ్రూపులో వెతికి మా అన్నయ్య నంబరు పట్టుకున్న ఏఎస్సై గారికి వేల దండాలు. ఆయన లేకపోతే మాకు కబురే అందేది కాదు. సీసీ కెమెరా చూపించిన మెడికల్ షాపు అబ్బాయికి, కుర్చీ ఇచ్చి బాత్రూమ్ తాళం తీసిన హోటల్ ఆయనకి, అమ్మ ఏ స్టాపులో దిగిందో గుర్తుపెట్టుకుని చెప్పిన కండక్టరమ్మకి కూడా. ఇంటికి తెచ్చిన ఆటో అన్న పేరు అడగనే లేదు, మీటరు డబ్బులు కూడా తీసుకోలేదు.

అమ్మ ఫొటో, మా నంబర్లు ఉన్న పోస్టులు దయచేసి తీసేయండి. ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి, మోగినప్పుడల్లా అమ్మ కంట్రోల్ రూమ్ నుంచి అనుకుని లేచి కూర్చుంటోంది.