స్కోరు పట్టికలో ఖాళీగా ఉన్న ఏళ్లు

సంపాదకునికి,

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ రికార్డుల్లో 1943, 44, 45 ఏళ్లు ఖాళీగా కనిపిస్తాయి. గాయమూ కాదు, ఫామ్ పోవడమూ కాదు. ఆ మూడేళ్లు ఆయన సైన్యంలో ఉన్నాడు. కొరియా యుద్ధంలో మళ్లీ పిలుపొస్తే వెళ్లి, యుద్ధవిమానంలో 39 దాడుల్లో పాల్గొన్నాడు. 1953 ఫిబ్రవరిలో దెబ్బతిన్న విమానాన్ని చక్రాల్లేకుండానే నేలకు దించి, మంటల్లోంచి బయటికి పరుగెత్తాడు. కొన్ని నెలలకే మళ్లీ బ్యాట్ పట్టాడు!

ఇంగ్లండ్ స్పిన్నర్ హెడ్లీ వెరిటీకి ఆ అదృష్టం లేదు. 1932లో పది పరుగులిచ్చి పది వికెట్లు తీసిన ఆ మనిషి 1943లో సిసిలీ పోరులో గాయపడి, శత్రువుల చేతిలో బందీగా ఇటలీలో కన్నుమూశాడు. ఆ పది వికెట్లు గుర్తున్నంతగా ఈ మరణం మనకు గుర్తుందా? నాకైతే ఇది బాధగా ఉంటుంది.

ఇలాంటి ఆటగాళ్ల గురించి రాసేటప్పుడు పరుగులు, వికెట్లతో పాటు వారి సైనిక సేవ గురించి కూడా ఒక వాక్యం రాయాలని మీ క్రీడా విభాగాన్ని కోరుతున్నాను. వాళ్ల పక్కనే పోరాడిన, ఎవరికీ పేరు తెలియని సైనికులకూ ఆ పేజీలో చోటివ్వండి.

– ఒక పాఠకుడు