లెక్కల క్లబ్బు సంగతి

ఒరే రమణా,

ఎట్టుండావురా? నీ మెసేజ్ అప్పుడే చూశా గానీ, రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కదా, అందుకని ఇయ్యాల ఆదివారం తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. శనివారం ఆఖరి పీరియడ్ నీకు అంటగట్టి లెక్కల క్లబ్బు నడపమన్నారా మీ హెడ్మాస్టరు, బాగుంది. ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లకాయలందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాలన్నావు చూడు, నీకు అసలు తలనొప్పి అదేరా, పజిల్స్ దొరక్కపోవటం కాదు. ఫోన్ తెరిస్తే కుప్పలు కుప్పలు. కానీ వాటిల్లో సగం అగ్గిపుల్లలు జరపమనే రకం, ఒకడికి తట్టిందంటే గట్టిగా అరిచేస్తాడు, ఇంక మిగతా వాళ్ళంతా దిక్కులు చూస్తా కూర్చోవాల్సిందే. నేనైతే ఒక్కటే చూసుకుంటా. ఆఖరి బెంచీలో వాడు కూడా చెయ్యి పెట్టగలగాలి, ఫస్ట్ మార్కులొచ్చే పిల్ల కూడా బెల్లు కొట్టేలోపు అంతు తేల్చలేకపోవాలి. ఈ రెండూ కుదరకపోతే అది ఎంత గొప్ప పజిల్ అయినా నీ క్లబ్బుకి పనికిరాదు.

మొదటి వారం కాప్రేకర్ సంఖ్య పెట్టు, కళ్ళు మూసుకుని పెట్టు. తీసివేత వస్తే చాలు. నాలుగంకెల సంఖ్య ఏదో ఒకటి రాయమను, నాలుగూ ఒకే అంకె కాకుండా ఉంటే చాలు. ఆ అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చి ఒక సంఖ్య, చిన్న నుంచి పెద్దకి పేర్చి ఇంకో సంఖ్య, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి, వచ్చినదాంతో మళ్ళీ అదే పని. నేను బోర్డు మీద 1970 వేస్తా, మన ఒంగోలు జిల్లా పుట్టిన సంవత్సరం. 9710లోంచి 0179 పోతే 9531, ఆ తర్వాత 8172, 7443, 3996, 6264, 4176, చివరికి 6174. ఇంక అక్కణ్ణుంచి ఎన్నిసార్లు చేసినా అదే 6174, కదలదు. ఇప్పుడు జిల్లాకి ప్రకాశం అని పేరు మార్చిన 1972 తీసుకో, దారంతా వేరేగా పోద్ది, 8442 అంటది, 5994 అంటది, తిరిగి తిరిగి చేరేది మాత్రం అక్కడికే, అది కూడా సరిగ్గా ఏడో తీసివేతకే. ఏ సంఖ్యైనా ఏడు దాటదు. నలభై తీసివేతలు హోంవర్క్ ఇస్తే ఏడ్చే పిల్లకాయలు వాళ్ళు పుట్టిన సంవత్సరం, వాళ్ళమ్మ పుట్టిన సంవత్సరం, బండి నంబరు, అన్నీ వేసి చూస్తారురా, ఎవుర్నీ బతిమాలక్కర్లేదు. మధ్యలో సున్నా వస్తే దాన్ని మింగెయ్యొద్దని మాత్రం ముందే చెప్పు. ఆరో తరగతోళ్ళకి మూడంకెలు ఇవ్వు, అవి 495 దగ్గర ఆగుతాయి. దీన్ని కనిపెట్టిన కాప్రేకర్ ఎవరనుకున్నావు, నాసిక్ పక్కన దేవ్‌లాలీలో బడిపంతులు. మన జాతే!

ఎందుకు అక్కడికే పోద్ది సార్ అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు నువ్వు నోరు మూసుకోవాలి. అది నీకు కష్టమని నాకు తెలుసులే.

రెండో వారం చింతగింజలు చాలు, పైసా ఖర్చు లేదు. 21 గింజలు, ఇద్దరు, ఒక్కో వంతుకి ఒకటి గానీ రెండు గానీ మూడు గానీ తియ్యొచ్చు, ఆఖరి గింజ తీసినోడిది గెలుపు. మొదట ఆడేవాడు ఒకటి తీసి 20 వదిలి, ఆ తర్వాత కూడా ఎదుటోడికి ఎప్పుడూ నాలుగో ఎక్కంలో సంఖ్యే మిగుల్చుకుంటా పోతే ఇంక ఓడిపోడు. ఇది నీకు చెప్తుండా, వాళ్ళకి చెప్పబాకు. వాళ్ళే కనిపెట్టి, పక్క సెక్షన్ వాళ్ళని ఓడించి, రూపాయి పందేలు మొదలుపెడతారు, అప్పుడు 21ని 30 చెయ్, మూడుని నాలుగు చెయ్, మళ్ళీ మొదటికొస్తారు.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైంది పావులూరి మల్లన పద్యం. నన్నయకి కాస్త అటూ ఇటూ కాలం వాడు, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అని 64 గళ్ళూ రెట్టిస్తా పోతే మొత్తం ఎంతో ఒక పద్యంలో, ఒక్కో మాటకి ఒక్కో అంకె లెక్కన దాచిపెట్టాడు. శర అంటే మన్మథుడి బాణాలు కాబట్టి 5, శశి 1, షట్క 6, చంద్ర 1, అట్టా వరసగా రాసుకుని కుడి నుంచి ఎడమకి చదివితే 18446744073709551615, ఇరవై అంకెలు, ఒక్కటీ తప్పుపోదు. పిల్లకాయల చేత గళ్ళు రెట్టింపు చేయించు, పదహారో గడికే 32768 వస్తది, అక్కడ కేకలు మొదలు. ఆ తర్వాత వాళ్ళ ఫోన్ నంబరులో చివరి నాలుగంకెల్ని ఇట్టా మాటల్లో దాచమను. వేదాలు 4, రుతువులు 6, ఆకాశం సున్నా అని నువ్వు మొదలుపెడితే మావోడొకడు ఆటో చక్రాలు 3 అన్నాడు, సాలెపురుగు కాళ్ళు 8 అన్నాడు, మల్లన కూడా ఒప్పుకునుండేవాడు. మీ తెలుగు మేడం గారిని కూడా పిలువు, ఆవిడకి ఛందస్సు, నీకు లెక్క.

ఒలింపియాడ్ అని అట్ట మీద వేసి అమ్మే పుస్తకాలు కొనబాకు. మా బడి తరపున ఒక కట్ట తెప్పిస్తే సిలబస్ లెక్కలకే రంగులేసి పంపారు. గబగబా గుణించే చిట్కాలు కూడా నాకు నచ్చవు, పిల్లోడు వేగంగా చేస్తాడు గానీ ఎందుకొచ్చిందంటే బిక్కమొహం వేస్తాడు. నెట్‌లో వెతకాలంటే కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళ లెక్కల సైటు ఎన్‌రిచ్ (NRICH) చూడు, ఉచితమే. ఇంగ్లీషులో ఉంటది, నువ్వు చదువుకుని మన మాటల్లో చెప్పుకోవాలి, అంతే. బొమ్మలు చేసి సైన్సు చెప్పే అరవింద్ గుప్తా సైట్లో కాయితాలు మడిచి చేసేవి బోలెడు.

పులి-మేక పటం గురించి కూడా రాద్దామనుకున్నా, మూడు పులులు పదిహేను మేకలు, అది పెద్ద కథ, నువ్వు కావలి వచ్చినప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గీసి ఆడదాం. ఈలోపు నీకొక పని. కాప్రేకర్ ఆట ఐదంకెలతో ఆడితే ఏమవుద్దో చేసి చూసి నాకు ఫోన్ చెయ్. నెట్‌లో చూసి చెప్తే నాకు తెలిసిపోద్దిరోయ్.

నీ
శీనయ్య