ఆ మెరుపు బంగారానిది కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సన్‌స్టోన్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆ రాయిలో తళుక్కుమనేది ‘సహజంగా చేరిన బంగారు రజను’ అని రాశారు. రాళ్లకు సానపట్టడమే వృత్తిగా బతుకుతున్నవాడిని కనుక ఊరుకోలేక రాస్తున్నాను. అందులో బంగారం ఉండదు.

సన్‌స్టోన్ ఫెల్డ్‌స్పార్ జాతిది. భూమి పైపొరలో సగానికి పైగా ఈ జాతి ఖనిజాలే. పింగాణీకి, గాజుకు వాడేదీ వీటినే. ఇంత మామూలు ఖనిజాన్ని రత్నంగా మార్చేవి లోపలి రేకులు. శిలాద్రవంలో పుట్టిన స్ఫటికం మెల్లగా చల్లారేకొద్దీ, అందులో ఇమడలేని ఇనుము విడివడి హెమటైట్ అనే ఇనుప ఖనిజపు సన్నటి రేకులుగా ఏర్పడుతుంది. నార్వేలోని ట్వెడెస్ట్రాండ్ రాయి ఇలాంటిదే. అమెరికాలోని ఒరెగాన్‌లో బసాల్ట్ లావాలో దొరికే రాళ్లలో మాత్రం మెరిసేవి రాగి రేకులు. ఆ రాష్ట్రం 1987లో దాన్ని తన అధికారిక రత్నంగా ప్రకటించుకుంది.

ఈ రేకులు చాలావరకు ఒకే వాలులో పడుకుని ఉంటాయి. దీపం కింద రాయిని నెమ్మదిగా తిప్పండి: ఒక కోణం దగ్గర ఒక్కసారిగా భగ్గుమంటుంది, ఇంకాస్త తిప్పితే ఆరిపోతుంది. మా పనితనమంతా ఇక్కడే తేలుతుంది. రేకుల వరుస రాయి అడుగుకు సమాంతరంగా ఉండేలా చూసుకుని, పైభాగాన్ని గుబ్బగా తీర్చాలి. కొద్దిగా వాలు తప్పినా మెరుపు నడిమిన నిలవక ఓ పక్కకు జారిపోతుంది.

ఇక మీరు వేసిన ఫొటో. ముదురు గోధుమరంగు పూస, చక్కెర చల్లినట్లు అంతటా ఒకే ఒత్తున చుక్కలు. నా కంటికి అది గోల్డ్‌స్టోన్, అంటే 17వ శతాబ్దం నాటికే వెనిస్‌లో చేసిన గాజు. ఆక్సిజన్ అందకుండా చల్లార్చిన గాజులో రాగి స్ఫటికాలు కడతాయి. భూతద్దం పెడితే త్రికోణాలు, షట్కోణాలు ఇష్టం వచ్చినట్లు చెదిరి కనిపిస్తాయి. ఎటు తిప్పినా మెరిసేది అందుకే. గాజును గాజని చెప్పి అమ్మితే నాకేమీ అభ్యంతరం లేదు, అందమైనదే.

సన్‌స్టోన్ రోజూ పెట్టుకునే ఉంగరానికి శ్రేష్ఠమన్న మీ మాటా సరికాదు. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో దీని కాఠిన్యం 6 నుంచి 6.5, మామూలు దుమ్ములో ఉండే క్వార్ట్జ్‌ది 7; అంటే దుమ్ముకే గీతలు పడతాయి. పైగా రెండు దిక్కుల సులువుగా చీలే రాయి, గట్టి దెబ్బ తగిలితే విచ్చుకుంటుంది. లాకెట్‌కు, చెవి దిద్దులకు నయం.

సవరణ వేసేటప్పుడు దయచేసి ఆ ఫొటో కూడా మార్చండి.

ఇట్లు,
సానపట్టే వృత్తిలోని ఒక పాఠకుడు