మా విమానం దిగిన గోధుమ చేను రైతుకి, ఆ రోజు తోడున్న అందరికీ

అందరికీ నమస్కారం. ఈ నాలుగు మాటలు రాయడానికి ఆరు వారాలు పట్టింది. నా గడ్డం కింద కుట్లు మానిపోయాయి, మా ఇన్‌స్ట్రక్టర్ మణికట్టుకి వేసిన కట్టు కూడా విప్పేశారు. ఎంతోమంది ఫోన్లు చేశారు, మెసేజ్‌లు పెట్టారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు ఇవ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి.

ముందు ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో చాలామందికి "విమానం కూలిపోయింది" అనే కబురు చేరింది. కూలలేదు. ఇంజిన్ ఆగిపోయిన విమానాన్ని మా ఇన్‌స్ట్రక్టర్ చోటు చూసి, గాలి చూసి, నేల మీద దించారు. ఆవిడ చేసిన పనిని ప్రమాదం ఖాతాలో వేయడం నాకు ఇష్టం లేదు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పైలట్ ట్రైనింగ్ కోసం ఏడాది కిందట ఉత్తర టెక్సాస్ వచ్చాను. మార్చి నెలాఖరున ఒక మధ్యాహ్నం సెస్నా 172 అనే చిన్న విమానంలో మా ఇన్‌స్ట్రక్టర్, నేను డెకేటర్ ఊరి దగ్గర్లో సముద్రమట్టానికి 3,500 అడుగుల ఎత్తులో ఉన్నాం. ముందు ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారింది. వెనక్కి తిప్పుతుండగానే ఆయిల్ వేడి ఎర్రగీతకి చేరింది, అద్దం మీద సన్నగా నూనె చారలు పడ్డాయి. తర్వాత ఒక పెద్ద చప్పుడు, ఒళ్ళంతా అదిరే వణుకు, ఆ తర్వాత గాలి శబ్దం ఒక్కటే. ప్రొపెల్లర్ కళ్ళెదురుగా నిలువుగా ఆగిపోయి ఉంది. గాల్లో ఉండగా దాని రెక్క అంత స్పష్టంగా కనిపించడం నేను మొదటిసారి చూశాను. నా నోరు ఎండిపోయింది.

అక్కడి నేలే సముద్రమట్టానికి దాదాపు 1,000 అడుగుల ఎత్తు. అంటే మా కింద ఉన్నది 2,500 అడుగులే. ఇంజిన్ లేకపోయినా ఈ విమానం ఉన్నపళంగా పడిపోదు. 68 నాట్ల (గంటకి దాదాపు 126 కిలోమీటర్ల) వేగం తప్పకుండా పట్టుకుంటే వెయ్యి అడుగులు దిగేలోపు ఒకటిన్నర నాటికల్ మైళ్ళ (దాదాపు 2.8 కిలోమీటర్ల) దాకా జారుతూ వెళ్తుంది. లెక్కేస్తే మాకున్నది మూడున్నర నిమిషాలు. రన్‌వే అందే దూరంలో లేదు.

అంతకుముందు వారంలోనే ఆవిడ మూడుసార్లు ఉన్నట్టుండి థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే పిడి) వెనక్కి లాగేసి, "ఇంజిన్ పోయింది, ఎక్కడ దించుతావు?" అని అడిగారు. మూడోసారి నాకు విసుగొచ్చింది. అది నా మొహంలో కనబడే ఉంటుంది. మేడమ్, ఆ విసుగుకి నన్ను క్షమించండి. మీరు అలా లాగి లాగి నేర్పబట్టే ఆ రోజు నా చేతులు వణుకుతున్నా పని మాత్రం వరసగా చేశాయి. మీరు కంట్రోల్స్ తీసుకుని వేగం పట్టుకున్నారు. నేను రేడియోలో ఆపదలో ఉన్నామని చెప్పే "మేడే" మాట మూడుసార్లు పలికి, రాడార్‌కి మా జాడ చెప్పే ట్రాన్స్‌పాండర్‌లో ఎమర్జెన్సీ కోడ్ 7700 పెట్టాను. మిక్స్చర్ (ఇంజిన్‌కి వెళ్ళే ఇంధనం పాళ్ళు మార్చే పిడి), ఫ్యూయల్, మాగ్నెటోలు (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) కట్టేశాను. నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక అంచున కిందికి దించే ఫ్లాప్స్ కరెంటుతో నడుస్తాయి కాబట్టి వాటిని పూర్తిగా దించాకే కరెంటు మొత్తం ఆపే మాస్టర్ స్విచ్ ఆపమన్నారు. నేల తాకేముందు తలుపుల గడియలు తీయించారు, తలుపు బిగుసుకుపోతే బయటికి రాలేమని. ఇన్ని పనుల మధ్య నా భుజం బెల్టు బిగువుగా ఉందో లేదో మీ చేత్తో లాగి చూశారు. అది నేను మర్చిపోలేను.

రేడియోలో ఉన్న ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ గారికి కూడా నా నమస్కారం. "విమానంలో ఎన్ని ప్రాణాలు? ఇంధనం ఎంత ఉంది?" అని అడిగారు. ఫైర్ వాళ్ళకి చెప్పడం కోసం మామూలుగా అడిగే ప్రశ్నే. కానీ "రెండు ప్రాణాలు" అని నా నోటితో చెప్పినప్పుడు గొంతు పూడుకుపోయింది. ఆయన గొంతు మాత్రం చివరిదాకా ఒక్కలాగే ఉంది. మేం కిందికి దిగాక మా రేడియో ఆయనకి అందలేదు. అప్పుడు దగ్గర్లో ఎగురుతున్న ఇంకో పైలట్ మా చేను మీద చుట్లు కొడుతూ, మేమెక్కడ ఉన్నామో ఆయనకి చెబుతూ ఉన్నారట. మీరెవరో నాకు తెలియదు. మీ వల్లే ఫైర్ ఇంజన్ దారి తప్పకుండా వచ్చింది.

దక్షిణపు గాలి గట్టిగా వీస్తోంది. దానికి ఎదురుగా దించడం వల్ల నేల తాకేటప్పటికి మా వేగం గంటకి 80 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూగా తగ్గింది. మోకాలెత్తు పచ్చటి గోధుమ పైరు. చక్రాలు మెత్తగానే ఆనాయి. ఆగిపోతున్నాం అనుకునేసరికి వాననీరు ఆపడానికి వేసిన మట్టి గట్టు అడ్డొచ్చి ముందు చక్రం విరిగింది, ముక్కు నేలకి గుచ్చుకుంది. మాకు తగిలిన దెబ్బలు అక్కడివే.

మొదట వచ్చింది ఆ చేను రైతు. డెబ్బై దాటిన పెద్దాయన, పికప్ ట్రక్కులో పైరుకి అడ్డంపడి వచ్చారు. తర్వాత పది నిమిషాలకి వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు. వాళ్ళెవరికీ అది జీతం వచ్చే ఉద్యోగం కాదు. నా తల కదలకుండా పట్టుకుని కూర్చున్నాయన స్కూలు బస్సు డ్రైవరు, ఆ రోజు ట్రిప్పు ఇంకొకరికి అప్పగించి వచ్చారట. నా ఫోన్ పగిలిపోతే తన ఫోన్ ఇచ్చి "మీ అమ్మకి చెయ్యి" అన్నారు. అక్కడ సాయంత్రం నాలుగు, తెనాలిలో తెల్లవారుజాము రెండున్నర. "అమ్మా, నేను బాగానే ఉన్నాను" అని నా గొంతుతో నేనే చెప్పగలిగాను. వేరే ఎవరి ద్వారానో తెలిసి ఉంటే ఆవిడ ఏమైపోయేదో.

ఫ్రిస్కోలో ఉండే అక్కా, బావగారూ, మీరు నాకు చుట్టాలు కాదు. మా రూమ్మేట్ ఆఫీసు వాళ్ళు, అంతే. రాత్రి గంటకి పైగా కారు నడుపుకుంటూ హాస్పిటల్‌కి వచ్చారు. గడ్డం కదిపితే నొప్పని పెరుగన్నం మెత్తగా కలిపి తెచ్చారు. ఐదు రోజులు ఇంట్లో పెట్టుకున్నారు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తే హాల్లో లైటు వేసి కూర్చున్నారు కానీ ఒక్క ప్రశ్న అడగలేదు.

మళ్ళీ ఆ రైతు దగ్గరికి వస్తాను. విచారణ అధికారులు సరేననేదాకా విమానాన్ని కదపకూడదు. అది చేలోనే రెండు రోజులు ఉంది. తర్వాత రెక్కలు విప్పి ట్రక్కు మీద తీసుకెళ్ళడానికి ఆయన తన కంచె తనే తీసి దారి ఇచ్చారు. మా విమానం, ఆ బళ్ళు కలిసి తొక్కేసిన పైరు తక్కువేం కాదు. రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి, ఎంత నష్టమో చూడగానే తెలిసింది. డబ్బు మాట ఎత్తితే "పైరు మళ్ళీ వేసుకుంటాను" అని నా భుజం మీద చెయ్యి వేశారు. మా తాతయ్యా ఇలాగే అనేవాడు అనిపించింది.

జూన్ మొదట్లో కోతలకి రమ్మన్నారు. మా ఇన్‌స్ట్రక్టర్, నేను ఇద్దరం వెళ్తున్నాం. మా పొలంలో పండిన మినుములతో అమ్మ సున్నుండలు చేసి పంపింది. డబ్బా నిన్ననే అందింది, దాని మీద ఆయన పేరు తెలుగులో రాసి ఉంది.