చిరుజీవుల త్రిమితీయ చిత్రణ: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కొత్త పరికరాల వెంట పడకుండా, ఉన్న మైక్రోస్కోపుతోనే కీటకాన్ని మూడు కొలతల్లో చూడటం నేర్చుకుందామని గత సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. ఈ ఏడాది సాధన తరగతులన్నీ ఆ దారిలోనే నడిచాయి.

ఎక్కువ కాలం ఫోకస్ స్టాకింగ్‌కే, అంటే ఫోకస్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ తీసిన ఫొటోల్లోని స్పష్టమైన భాగాలను ఒకే బొమ్మగా కూర్చడానికే పట్టింది. న్యూమరికల్ అపెర్చర్ (కటకం ఎంత విశాల కోణం నుంచి కాంతిని గ్రహిస్తుందో చెప్పే అంకె) 0.10 ఉన్న 4 రెట్ల ఆబ్జెక్టివ్ (నమూనా వైపు ఉండే కటకం) కింద ఒక్క ఫొటోలో సుమారు 55 మైక్రాన్ల లోతు స్పష్టంగా వస్తుంది. అపెర్చర్ 0.25 ఉన్న 10 రెట్లదానికి మారితే అది దాదాపు 9 మైక్రాన్లే. బొమ్మ పెరిగింది రెండున్నర రెట్లు, లోతు తగ్గింది ఆరు రెట్లు! అందుకే ఒక మిల్లీమీటరు మందమున్న చీమ తలకు 6 మైక్రాన్ల చొప్పున జరుపుతూ 170 ఫొటోల దాకా తీయాల్సి వచ్చింది. అంతకన్నా పెద్ద అంగలు వేసిన చోటల్లా కూర్చిన బొమ్మలో మసక పట్టీలు పడ్డాయి.

కీటకం కంటికి అడ్డంగా ఉండే వెంట్రుకలు మరో చిక్కు. ఫొటోలను కూర్చే రెండు పద్ధతుల్లో, ప్రతి చోటా ఏ ఫొటో స్పష్టంగా ఉందో ఎంచుకునే డెప్త్ మ్యాప్ పద్ధతి వాటి చుట్టూ మసక అంచు మిగులుస్తుంది. సన్న, పెద్ద వివరాలను విడివిడిగా కలిపే పిరమిడ్ పద్ధతి వెంట్రుకను కాపాడుతుంది, రంగును చెడగొడుతుంది. రెండు విధాలా కూర్చి, వెంట్రుకలను మాత్రం పిరమిడ్ బొమ్మ నుంచి తెచ్చి చేత్తో దిద్దుకున్నాం.

అదే స్టాకులోని (ఫొటోల వరసలోని) పొరలను కాస్త అటూ ఇటూ జరిపితే స్టీరియో జంట, అంటే ఒక్కో కంటికి ఒకటి చొప్పున చూస్తే లోతు కనిపించే రెండు బొమ్మలు, తయారవుతుంది. ఎడమ, కుడి తారుమారైతే ఉబ్బెత్తు కన్ను గుంటలా కనిపిస్తుంది. దయచేసి ఏది ఏ కంటిదో రాసి పంపండి.

నాకు మాత్రం నమూనా తయారీయే అన్నిటికన్నా పెద్ద పాఠం. మనం దేన్నీ చంపలేదు, దీపాల కింద రాలినవే ఏరుకున్నాం. వాటి మీది దుమ్ము వదిలించడానికే పూటలు గడిచాయి. సాలీళ్లు, లార్వాల వంటి మెత్తని ఒళ్లు ఆరితే ముడుచుకుపోతాయి. వాటిని 70 శాతం ఆల్కహాల్‌లో ఉంచి, ఫొటో తీసేటప్పుడు ఆల్కహాల్ శానిటైజర్ జెల్‌లో నిలబెట్టాం. బుడగలు పోయేదాకా ఓపిక పట్టాలి, అంతే.

స్టాకింగ్ చూపేది పైరూపమే. లోపలి అవయవాలకు మైక్రో సీటీ (ఎక్స్-రేలతో లోపలి భాగాలను మూడు కొలతల్లో చూపే స్కాన్) కావాలి, మెత్తని కణజాలం అందులో తేటపడాలంటే ముందు అయోడిన్ పట్టించాలి. దీని మీద ఒక చర్చ మాత్రమే జరపగలిగాం.

జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. వచ్చే ఏడాది స్టాకుల భాండాగారం మొదలుపెడుతున్నాం. కూర్చిన బొమ్మతో పాటు విడి ఫ్రేములు, వాడిన ఆబ్జెక్టివ్, అంగ కొలత, స్కేల్ బార్ కూడా తప్పక ఇవ్వండి. ఇవి లేక ఈసారి కొన్ని చక్కని బొమ్మల్లో ఒక్క కాలి పొడవైనా కొలవలేకపోయాం.

మీ
కార్యదర్శి