ఫోటో వెనక పేరు రాసి ఉందా?

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం.

మా నాన్నకు తొమ్మిదేళ్లప్పుడు తీసిన ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. నిటారుగా నిలబడి, కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఉంటాడు. పెద్ద ఆఫీసరులా ఆ నిలబడటం చూస్తే చిన్నప్పటి నుంచీ నాకు ముచ్చటేసేది. నాన్న పోయిన చాలా ఏళ్లకు మా మేనత్త ఆ ఫోటో చేతిలోకి తీసుకుని, "ఆ చొక్కా వాడిది కాదే, అన్నయ్యది. మరీ వదులుగా ఉందని వెనకాల గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు" అంది. మళ్లీ చూశాను. ఛాతీ మీద గుడ్డ బిగుతుగా ఉంది, భుజాల దగ్గర మాత్రం జారిపోతోంది. నలభై ఏళ్లుగా చూస్తున్న ఫోటోలో ఆ పిల్లాడు నాకు కనిపించింది ఆ రోజే.

అదే పెట్టెలో ఇంకో ఫోటో ఉంది. ఐదుగురు ఆడవాళ్లు, ముగ్గురు నిలబడి, ఇద్దరు కూర్చుని. నలుగురి పేర్లు తెలుసు. కూర్చున్నవాళ్లలో ఎడమవైపు ఉన్నావిడ ఎవరో అత్తయ్యకు కూడా తెలియదు. తెలిసిన మనిషి మా అమ్మ ఒక్కతే. ఎప్పుడడిగినా "తీరిగ్గా చెప్తాలే" అనేది. ఆ తీరిక నేనూ చేసుకోలేదు. ఇప్పుడు అమ్మ లేదు.

ఈ రెండు ఫోటోల వల్లే ఈ టర్మ్‌లో 6 నుంచి 9వ తరగతి పిల్లలకు ఒక పని ఇస్తున్నాం: పాత ఫోటో గురించి పెద్దవాళ్లను అడిగి ఒక పేజీ రాయడం. కావలసింది ఒక పాత ఫోటో, దాని గురించి చెప్పగల ఒక పెద్దమనిషి, ఓ అరగంట సమయం.

పాత ఫోటోలు అనగానే చాలామంది ముందు స్కానింగ్ గురించి అడుగుతారు. దాని సంగతి కింద రాశాను. కానీ అది రెండో పని. ఫోటో తీసే పద్ధతిని లోకానికి ప్రకటించింది 1839లో. ఆ తర్వాతి పదేళ్లలో తీసిన చిత్రాలు కొన్ని ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. బాగా కడిగిన బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ వందేళ్లు తేలిగ్గా నిలుస్తుంది. అందులో ఉన్నవాళ్ల పేర్లు తెలిసిన మనిషి అన్నేళ్లు ఉండరు. స్కానింగ్ వచ్చే ఏడాది చేసుకున్నా ఫరవాలేదు. తాతయ్యను అడగాల్సింది మాత్రం ఈ ఆదివారమే.

పిల్లలకు దీనివల్ల ఏమిటి అని అడిగేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల కోసం 20 ప్రశ్నలు తయారుచేశారు. మీ అమ్మానాన్న ఎలా కలుసుకున్నారో తెలుసా, మీ తాతలు ఎక్కడ పెరిగారో తెలుసా, నువ్వు పుట్టినప్పటి సంగతులు తెలుసా, ఇలాంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించింది. అలాగని జవాబులు బట్టీ పట్టిస్తే లాభం లేదని డ్యూక్ గారే స్పష్టం చేశారు. ఆ కబుర్లు పిల్లల చెవిన పడాలంటే ఇంట్లోవాళ్లు కలిసి కూర్చోవాలి, ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినాలి. అసలు బలం అక్కడి నుంచి వస్తుంది. అందుకే నా విన్నపం: దయచేసి మీరు చెప్పి రాయించకండి. మార్కులు లేవు, టెన్షన్ అక్కర్లేదు. పిల్లలే వెళ్లి అడగాలి.

అడగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. "నీ చిన్నప్పటి సంగతులు చెప్పు నానమ్మా" అంటే "ఏముంది, అందరిలాగే" అని ఊరుకుంటారు. అదే ఫోటో చేతికిచ్చి "ఈ మూల కనిపిస్తున్న తలుపు ఏ గదిది?" అంటే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఈ చెప్పులు ఎవరివి? ఈ ఫోటోలో ఉండాల్సిన వాళ్లెవరైనా లేరా? ఫోటో తీశాక ఏం చేశారు? నాకు అన్నింటికంటే ఇష్టమైన ప్రశ్న ఒకటుంది: ఈ ఫోటో తీసిందెవరు? ప్రతి ఇంట్లోనూ కెమెరా పట్టుకునే మనిషి ఒకరుంటారు. ఆల్బమ్ మొత్తం వెతికినా వాళ్లు మాత్రం కనపడరు.

సాధారణంగా పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల వయసు మధ్య జరిగినవే పెద్దవాళ్లకు బాగా గుర్తుంటాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ వయసునాటి ఫోటో ఎంచుకుంటే మాటలు వాటంతటవే వస్తాయి. వాళ్లు ఆగిపోతే వెంటనే ఇంకో ప్రశ్న వేయొద్దని పిల్లలకు చెప్పాం. కాసేపు ఊరుకుంటే ఆ మౌనం తర్వాతే మంచి మాట వస్తుంది. ఒకే సంగతిని పెదనాన్న ఒకలా, అత్త ఇంకోలా చెబితే రెండూ రాసుకోవాలి, ఎవరు చెప్పింది వాళ్ల పేరుతో. ఎవరిది నిజమో తేల్చడం మన పని కాదు.

వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వాళ్లకు దగ్గరగా ఉంచండి. మొదట్లోనే తేదీ, మాట్లాడుతున్నది ఎవరో పిల్లల చేత చెప్పించండి. రాసుకున్న కాగితంలో సంగతులుంటాయి కానీ గొంతు ఉండదు.

కొన్ని ఫోటోలు ఏడిపిస్తాయి. చెప్పడం ఇష్టం లేకపోతే అక్కడితో ఆపేయాలని పిల్లలకు గట్టిగా చెప్పాం. మీరు కూడా ఓ కంట కనిపెట్టి ఉండండి. కొన్ని కుటుంబాలకు పాత ఫోటోలే లేవు. తీయించుకునే వీలు లేకపోవచ్చు, ఇల్లు మారడంలోనో నీళ్లలోనో పోయి ఉండొచ్చు, పిల్లలే ఆ కుటుంబంలోకి తర్వాత వచ్చి ఉండొచ్చు. వాళ్లు పెద్దవాళ్లను అడిగి, వాళ్లు పెరిగిన ఇంటి బొమ్మ గీస్తే చాలు. వాకిలి ఎటు, ఎవరు ఎక్కడ పడుకునేవారు, కిటికీలోంచి ఏం కనపడేది. ఈ పనికి ఆ బొమ్మ ఫోటోతో సమానం. పెంచినవాళ్లు ఎవరైతే వాళ్లే ఇక్కడ పెద్దవాళ్లు.

ఇక ఫోటోల సంగతి. అసలు ఫోటో బడికి పంపకండి, కాపీ చాలు. స్కానర్ ఉంటే 600 డీపీఐలో (స్కాన్ ఎంత స్పష్టంగా ఉండాలో చెప్పే కొలత ఇది), ముందువైపుతో పాటు వెనకవైపు కూడా స్కాన్ చేయండి. వెనక ఉన్న స్టూడియో ముద్ర, ఎవరిదో చేతిరాత కూడా చరిత్రే. స్కానర్ లేకపోతే ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుతురులో, ఫోన్‌ను ఫోటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫైళ్లు ఒక్క ఫోన్‌లోనే ఉంచకుండా ఇంకోచోట కూడా దాచండి.

కలర్ ఫోటోలతో మొదలుపెట్టండి. వాటి రంగులు చీకట్లో దాచినా మెల్లగా వెలిసిపోతాయి. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన వాటిని లాగకండి, పేజీతో సహా ఫోటో తీసుకోండి. ఫ్రేము అద్దానికి అంటుకున్నదైతే అద్దంతోనే స్కాన్ చేయించండి. పేర్లు వెనకవైపు అంచున మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్‌తో రాస్తే గీతలు ముందువైపు తేలుతాయి. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం మీద పెన్సిల్ పడదు కాబట్టి వాటికి విడిగా కవరు పెట్టి దాని మీద రాయండి. "అమ్మ, పిన్ని" అని కాకుండా పూర్తి పేర్లు రాయండి. యాభై ఏళ్ల తర్వాత చదివేవాళ్లకు ఎవరి అమ్మో ఎలా తెలుస్తుంది?

ఈ జాగ్రత్త మనం ఇప్పుడు తీస్తున్న ఫోటోలకూ కావాలి. మన ఫోన్లలో వేల ఫోటోలున్నాయి. ఫైల్‌లో తేదీ ఉంటుంది కానీ పక్కన నిలబడిన మనిషి పేరు ఉండదు. ఏడాదికి ఓ పది ప్రింట్ తీయించి, వెనక పేర్లు రాసిపెట్టమని నా సలహా.

పిల్లలు ఫోటో కాపీని, దాని గురించి రాసిన ఒక పేజీని వచ్చే నెలాఖరులోగా క్లాస్ టీచర్‌కు ఇవ్వాలి. మిగతావాళ్లు చూడటం మీకు ఇష్టం లేకపోతే కాగితం పైన ఆ మాట రాయండి, గోడకు పెట్టం. మిగిలినవన్నీ లైబ్రరీ గోడ మీద ఉంటాయి. చూడటానికి పెద్దవాళ్లను కూడా తీసుకురండి, కుర్చీలు వేసి ఉంచుతాం.

గోడ మీద మొదటి ఫోటో మా నాన్నది, చొక్కా కథతో సహా. దాని పక్కనే ఆ ఐదుగురి ఫోటో పెడుతున్నాను. నాలుగు పేర్లు రాసి, ఐదో పేరు దగ్గర ఖాళీ వదిలాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు