స్టెంట్ వేయకుండా ఆగిన డాక్టరు గారికి, పేరు తెలియని పేషెంట్లకు

మా అక్క ఇంటికొచ్చి కోలుకుంటోంది. ఆస్పత్రిలో తోడున్నవాళ్లకు, ఫోన్లు చేసి ధైర్యం చెప్పినవాళ్లకు విడిగా చెప్పుకున్నాను. ఇంకా చెప్పాల్సినవాళ్లు మిగిలారు.

అక్కకు వచ్చింది అందరికీ తెలిసిన రకం గుండెపోటు కాదు. స్పాంటేనియస్ కరోనరీ ఆర్టరీ డిసెక్షన్, పొట్టిగా స్కాడ్ అంటారు. కొవ్వు పేరుకుని రక్తనాళం మూసుకుపోవడం కాదిది. నాళం గోడ పొరల మధ్యకు రక్తం చేరి, చెమ్మ పట్టిన గోడ మీద పెచ్చు ఉబ్బినట్టు ఉబ్బి, లోపలి దారిని నొక్కేస్తుంది. అక్కకు బీపీ లేదు, షుగర్ లేదు. అందుకే మొదట చూసినచోట గ్యాస్, టెన్షన్ అని పంపేశారు. స్కాడ్ వచ్చేవాళ్లలో పదింట తొమ్మిదిమంది దాకా ఆడవాళ్లే. అదీ ఎక్కువగా 45, 50 ఏళ్ల ప్రాయంలో. గర్భిణులకు, బాలింతలకు వచ్చే గుండెపోట్లలో దీని వాటా పెద్దది. ఆ వయసు ఆడమనిషి ఛాతీ నొప్పి అంటే దయచేసి ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పట్టిచ్చే రక్తపరీక్ష) చూడకుండా పంపకండి.

రెండో ఆస్పత్రిలో యాంజియో చేసిన డాక్టరు గారు మమ్మల్ని పిలిచి మానిటర్ మీద చూపించారు. పైన నిండుగా ఉన్న నాళం మధ్యలో ఒక్కసారిగా సన్నబడి, చివరిదాకా అలాగే సాగింది. స్టెంట్ ఎందుకు వేయరని ఇంటిల్లిపాదీ అడిగాం. ఆయన విసుక్కోలేదు. కేస్‌షీట్ వెనక బొమ్మ గీసి, "రక్తం పారుతోంది, నొప్పీ తగ్గింది. ఇప్పుడు స్టెంట్ కోసం నాళంలోకి వైరు పంపితే చీలిక ఇంకా కిందికి పాకొచ్చు. మందులిచ్చి కనిపెట్టుకుని ఉందాం. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో దానంతట అదే మానుతుందమ్మా" అన్నారు. రక్తం ఆగిపోయినా, ప్రధాన నాళమే చీలినా అప్పుడు స్టెంటో బైపాసో తప్పదని కూడా చెప్పారు. చేతిలో పరికరం ఉండి ఆగడానికి ఎంత గుండె కావాలి సార్! మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

ఆ నమ్మకం ఆయనకు ఎక్కడిదని తర్వాత చదువుకున్నాను. 1931లో పోస్టుమార్టంలో బయటపడిన ఈ జబ్బు గురించి దశాబ్దాల పాటు అక్కడొకటి ఇక్కడొకటి కేసు రిపోర్టులే ఉండేవి. 2009లో క్యాథరిన్ లియోన్ అనే స్కాడ్ పేషెంటు అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రి డాక్టర్ షారన్ హేస్‌ను కలిసి, మా మీద పరిశోధన చేయండని అడిగింది. తనలాంటి వాళ్లను ఆన్‌లైన్‌లో కూడగట్టింది. 2011లో చిన్న పైలట్ అధ్యయనం వెలువడింది. ఆ తర్వాత కెనడా, అమెరికాల్లోని 22 ఆస్పత్రులు 750 మందిని ఏళ్ల తరబడి గమనించాయి. నూటికి ఎనభై మందికి పైగా మొదట మందులతోనే చికిత్స. మూడేళ్లలో చనిపోయినవాళ్లు ఒక శాతం లోపే. పదిమందిలో ఒకరికి మళ్లీ గుండెపోటు వచ్చింది. ఈ మాటా డాక్టరు గారు దాచలేదు.

ఆ 750 మంది ఎవరో నాకు తెలియదు. నొప్పి తగ్గాక కూడా ఏటా ఫోనెత్తి జవాబిచ్చారు, తమ రిపోర్టులు చూడనిచ్చారు. మీరు ఆ పని చేయకపోతే అక్కకు ఆ రోజు ఏం జరిగేదో! మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

సీసీయూలో (గుండె జబ్బులవాళ్ల ఐసీయూ) రాత్రిళ్లు, "మళ్లీ వస్తుందేమో సిస్టర్" అని అక్క అడిగినప్పుడల్లా కుర్చీ లాక్కుని కూర్చున్న సిస్టర్‌కు, మెడ, కిడ్నీ నాళాల్లో కూడా తేడా ఉందేమో చూడాలని స్కాన్ రాసిన డాక్టరమ్మకు కృతజ్ఞతలు. అక్క గుండె మీద భారం తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర వేసుకుంటోంది, డాక్టర్ల కనుసన్నల్లో వ్యాయామం చేయించే కార్డియాక్ రిహాబ్‌కు వెళ్తోంది. తన యాంజియో సీడీ కూడా పరిశోధనకు ఇస్తానని సంతకం చేసింది.